"భద్రాచలంలో ఎంతుంది?" అని అడిగే అలవాటు మంచుకొండకీ తీసుకెళ్లండి

జులై, ఆగస్టుల్లో లంక గ్రామాల్లో ఎవరికి ఫోన్ చేసినా మొదటి మాట ఒకటే: "భద్రాచలంలో ఎంతుంది?" 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. తర్వాత ధవళేశ్వరం బ్యారేజీ లెక్క: 11.75, 13.75, 17.75. రేవులో ఏరు కంటికి మామూలుగానే కనబడుతున్నా, ఆ అంకె విని గొడ్లను గట్టెక్కిస్తారు, ధాన్యం బస్తాలు అటకెక్కిస్తారు. కంటికంటే అంకెను నమ్మడం మనకు గోదావరి నేర్పింది.

సంక్రాంతి వెళ్లగానే భీమవరం, అమలాపురం, కాకినాడల నుంచి కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కో, ఉత్తరాఖండ్‌లోని ఔలీకో, హిమాచల్‌లోని సోలాంగ్‌కో స్కీయింగ్‌కని బయల్దేరే బృందాలు మాత్రం విమానం టికెట్టు రేటు తప్ప ఇంకో అంకె అడగవు. ఎత్తెంత, వాలెంత, నిన్న ఎంత మంచు పడింది, గాలి వేగమెంత, ఒకరు మంచులో కూరుకుపోతే ఎన్ని నిమిషాలుంటాయి, ఇవేవీ తెలియవు. నీళ్ల విషయంలో మన ఒంటికి ఒక తెలివి ఉంది. ఏట్లో సుడి ఎక్కడుందో, ఎక్కడ కాలు దిగబడుతుందో లంకలో పుట్టిన పిల్లాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. వాలు గురించీ, గడ్డకట్టే చలి గురించీ ఆ తెలివి మనకు లేదు. కొబ్బరితోటలో, వరిచేలో పెరిగిన వాళ్లకు అది ఉండాల్సిన పనీ లేదు. ఒంటికి తెలియనిదాన్ని అంకెల్లో నేర్చుకోవాలి. ఈ పోస్టంతా ఆ అంకెల గురించే.

ముందు ఎత్తు సంగతి

డెల్టాలో చాలా ఊళ్లు సముద్ర మట్టానికి పది మీటర్లలోపే ఉంటాయి. శ్రీనగర్ దాదాపు 1,585 మీటర్లు, గుల్‌మార్గ్ 2,650. అక్కడి గొండోలా (తీగ మీద నడిచే కేబుల్ కారు) మొదటి దశ కొంగ్‌డోరీ దగ్గర 3,000 మీటర్లు దాటుతుంది. రెండో దశ అఫర్వత్ కొండ భుజం మీద నాలుగు వేలకు కాస్త తక్కువలో దింపుతుంది. అంటే పొద్దున రాజమండ్రిలో ఫ్లైట్ ఎక్కినవాళ్లు మర్నాడు మధ్యాహ్నానికి గాలి ఒత్తిడి ఇంటి దగ్గరున్న దానిలో అరవై శాతం చిల్లరే ఉన్న చోట నిలబడొచ్చు. గాలిలో ప్రాణవాయువు పాళ్లు మారవు. ఒత్తిడి తగ్గేసరికి ఒక్కో ఊపిరికి అందేది తగ్గిపోతుంది. గొండోలాలో కూర్చుని వెళ్లినంత మాత్రాన ఒంటికి మినహాయింపు లేదు. నడిచి ఎక్కితే ఒళ్లు అలవాటు పడటానికి దొరికే వ్యవధి కూడా ఇక్కడ దొరకదు.

ఎత్తు జబ్బు లక్షణాలు వెళ్లగానే రావు, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతాయి. తలనొప్పి, దానికి తోడు వికారం, అన్నం సయించకపోవడం, నీరసం, కళ్లు తిరగడం. మనవాళ్లు దీన్ని "ప్రయాణం బడలిక", "ఆ హోటల్ నూనె పడలేదు" అని తోసేస్తారు. ఎత్తుకు వెళ్లిన మొదటి రెండు రోజుల్లో తలనొప్పి వస్తే, వేరే కారణం ఖాయంగా తేలేదాకా అది ఎత్తు జబ్బే అనుకోవాలి. ఆ రోజు ఇంకా పైకి వెళ్లకూడదు. ఉన్నచోటే విశ్రాంతి తీసుకుంటే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోయినా, ముదిరినా కిందికి దిగాలి.

రెండు లక్షణాలు కనబడితే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. ఒకటి, తిన్నగా నడవలేకపోవడం. నేల మీద గీత గీసి మడమకు వేళ్లు ఆనించి నడవమనండి. తూలితే, మాట తడబడితే, అయోమయంగా ఉంటే మెదడు వాస్తోందని అర్థం. రెండోది, ఊరికే కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగలాంటి కఫం. అది ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం. రెంటికీ మొదటి మందు దిగడమే. కనీసం 300 మీటర్లు, కుదిరితే 1,000 మీటర్లు. ఆక్సిజన్ సిలిండర్ ఉంటే పెట్టండి, అయితే దాన్ని చూసుకుని దిగడం మానకండి.

రాకుండా చూసుకోవడం తేలికే. శ్రీనగర్‌లో ఒక రాత్రి, గుల్‌మార్గ్‌లో కనీసం రెండు రాత్రులు పడుకున్నాకే గొండోలా రెండో దశ. 3,000 మీటర్లు దాటిన చోట్ల పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఒక రోజు ఆగాలి. పగలు ఎంత ఎత్తు తిరిగారన్నదాని కంటే రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నారన్నదే పెద్ద లెక్క. ఎసిటజోలమైడ్ మాత్రను నివారణ కోసం పెద్దవాళ్లకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. మూత్రం ఎక్కువవుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అది మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. అసలు ఎవరైనా సరే మొదటి మాత్ర ఇంటి దగ్గరే వేసి చూసుకుంటే, పడుతుందో లేదో కొండ మీద కాకుండా ఇక్కడే తెలుస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. ఇన్సులిన్ గడ్డకడితే మళ్లీ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. బ్యాగు బయటి అరలో కాకుండా లోపలి చొక్కా జేబులో, ఒంటికి దగ్గరగా ఉంచుకోండి. గ్లూకోమీటర్ కూడా చలికి పనిచేయడం మానేస్తుంది, దాన్నీ వెచ్చగా ఉంచాలి.

పూతరేకు, పంచదార, మంచు పలక

ఇప్పుడు అసలు ప్రమాదం. తెలుగు పేపర్లలో హిమపాతం అనే మాటను మంచు కురవడానికీ వాడతారు, చరియ విరిగిపడటానికీ వాడతారు. రెండూ వేరు కాబట్టి ఇక్కడ రెండో దాన్ని అవలాంచ్ అనే అంటాను. స్కీయర్లను చంపేవాటిలో ఎక్కువ పలక అవలాంచ్‌లే. అది ఎలా జారుతుందో అర్థం కావడానికి ఆత్రేయపురం పూతరేకు చాలు. రేకుకూ రేకుకూ మధ్య పంచదార పొడి ఉంటుంది. పూతరేకును ఏటవాలుగా పట్టుకుని పైరేకు మీద వేలితో నొక్కితే, పంచదార మీదుగా రేకు జారిపోతుంది. కొండ మీదా అంతే. చలికాలం మొదట్లో పడిన పలచని మంచు, ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో పంచదార పలుకుల్లా మారి ఒకదానికొకటి అతుక్కోకుండా ఉండిపోతుంది. దాని మీద కొత్త మంచు పడి, గాలికి అదిమి, గట్టి పలక కడుతుంది. పైకి గట్టిగా, నునుపుగా, ఎంతో భద్రంగా కనబడుతుంది. ఒక మనిషి బరువు పడగానే కింద పలుకుల పొర కూలుతుంది, ఆ కూలడం రెప్పపాటులో వాలంతా పాకుతుంది, పలక ముక్కలై కదులుతుంది. ఏటిగట్టు లోపల బుంగ పడితే పైన గడ్డి పచ్చగానే ఉంటుందే, అలాంటిదే ఇది. తేడా ఒకటుంది. గట్టుకు గండి పెట్టేది ఏరు. ఇక్కడ గండి పెట్టేది చాలాసార్లు మనమే. స్కీయర్లు చనిపోయిన అవలాంచ్‌లలో అత్యధికం ఆ మనిషో, ఆ బృందంలోని మరొకరో కదిలించినవే.

వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నచోట పలకలు జారతాయి. అన్నింటికంటే ఎక్కువగా 38 డిగ్రీల చుట్టుపక్కల. 30 కంటే తక్కువ వాలు మీద, పైన నిటారు వాలు ఏదీ వేలాడకుండా ఉంటే, ప్రమాదం బాగా తగ్గిపోతుంది. గుండె దడదడలాడించే రోజున కూడా పట్టుకోదగిన కొమ్మ ఇదొక్కటే. కాబట్టి వాలు కొలవడం రావాలి. ఫోనులో వాలు చూపే యాప్ ఉంటుంది. స్కీ కర్రను మంచు మీద పడుకోబెట్టి దాని మీద ఫోను అంచు ఆనిస్తే డిగ్రీలు తెలుస్తాయి. చలికి ఫోను చచ్చిపోతే సమానమైన రెండు కర్రలు చాలు. ఒకదాని మొనను మంచు మీద ఆనించి నిలువుగా పట్టుకోండి. రెండోదాని పిడిని దాని నడిమధ్యలో ఆనించి, కొండవైపుకు అడ్డంగా, నేలకు సమాంతరంగా చాపండి. అడ్డకర్ర మొన సరిగ్గా మంచుకు తగిలితే వాలు దాదాపు 27 డిగ్రీలు. మొన చేరకముందే కర్ర మధ్యభాగం మంచులో గుచ్చుకుంటే వాలు అంతకంటే ఎక్కువ. మొనకూ మంచుకూ మధ్య ఖాళీ ఉంటే తక్కువ.

అవలాంచ్ హెచ్చరికలు ఇచ్చేది చండీగఢ్‌లోని రక్షణశాఖ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ. పాత పేరు సాసే. కాశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ జిల్లాలకు చలికాలంలో ఇచ్చే ఈ బులెటిన్లను విపత్తు నిర్వహణ శాఖలు ప్రకటిస్తాయి. ప్రపంచమంతా వాడే స్కేలు ఐదు మెట్లది. ఇక్కడే మనవాళ్లు పొరబడే చోటు ఉంది. ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక అంటే ఆఖరిది, లంకలు ఖాళీ చేయాల్సిందే. అవలాంచ్ స్కేలులో మూడు అంటే "మధ్యలో ఉందిలే" అనిపిస్తుంది. కానీ మెట్టు మెట్టుకూ ప్రమాదం ఒకే కొలతలో పెరగదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. యూరప్‌లో చావుల్లో అతిపెద్ద వాటా మూడో మెట్టు రోజులదే. నాలుగు, ఐదు మెట్ల రోజుల్లో ఎవరూ బయటికి పోరు. మూడో మెట్టు రోజున ఎండ కాస్తూ ఉంటుంది, కొత్త మంచు మెరుస్తూ ఉంటుంది, అందరూ పోతారు. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు, కాస్త వచ్చినవాళ్లకు కూడా, మూడో మెట్టు రోజున గుర్తులు పెట్టి చదును చేసిన వాలు దాటి అడుగు వేయకూడదనే నేను చెబుతాను.

బులెటిన్ జిల్లా మొత్తానికి ఇచ్చేది. మీ కాళ్ల కింది వాలు సంగతి మీ కళ్లే చూడాలి. చుట్టుపక్కల వాలుల మీద అదేరోజు జారిన అవలాంచ్ కనబడటం, అడుగు వేయగానే "ఉఫ్" మని మంచు కుంగిన చప్పుడు, స్కీ ముందు నుంచి చీలిక పరుగెత్తడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఎదురైనా వెనక్కి తిరగడమే. ఒక రోజులో 30 సెంటీమీటర్లకు మించి మంచు పడినా, పెద్ద గాలి వీచినా తర్వాతి 24 నుంచి 48 గంటలు అనుమానించాలి. మంచు పడకపోయినా గాలి ఒక్కటే చాలు. గాలి వచ్చే వైపు నుంచి ఎత్తి, శిఖరం అవతలి పక్కన మెత్తలా పేరుస్తుంది. ఒక్కసారిగా ఎండ కాసి వెచ్చబడినా అంతే.

గుల్‌మార్గ్‌లో ఈ సంగతి మరీ ముఖ్యం. రెండో దశ దిగాక తాళ్లు కట్టి, స్కీ గస్తీ వాళ్లు చూసుకునే ప్రాంతం కొద్దిగానే ఉంటుంది. దాన్ని దాటితే అదే కొండ, అదే అందం, కాపలా లేదు. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ మీద హాపత్‌ఖుడ్ దగ్గర ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఖిలన్‌మార్గ్ వైపు ఒక రష్యా స్కీయరు అవలాంచ్‌లో చనిపోయారు. 2010 ఫిబ్రవరిలో ఇదే గుల్‌మార్గ్ ప్రాంతంలో శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు పోయారు. ఆ సైనికులు కొండ ఎరగనివాళ్లు కారు.

పది నిమిషాలు

మంచులో పూర్తిగా కూరుకుపోయిన మనిషిని పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురు. స్విట్జర్లాండ్ ప్రమాదాల లెక్కలు చెప్పే మాట ఇది. కింద ఊళ్లో నుంచి రెస్క్యూ బృందం అరగంటలో రాదు. కాబట్టి బతికించేది పక్కనున్న మనిషి ఒక్కడే, వాడి దగ్గర మూడు వస్తువులుంటేనే. ట్రాన్సీవర్ (కూరుకున్నవాళ్లను సిగ్నల్‌తో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కర్ర), పార. మూడూ ఒక్కొక్కరికీ ఉండాలి. ఆరుగురికి రెండు సెట్లు అద్దెకు తీసుకోవడమంటే, నలుగురు పోయినా ఫర్వాలేదనుకోవడమే.

ట్రాన్సీవర్లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద, 457 కిలోహెర్ట్జ్ మీద నడుస్తాయి. ఏ కంపెనీదైనా ఇంకోదాన్ని వెతకగలదు. బ్యాగులో కాదు, లోపలి దుస్తుల మీద పట్టీతో ఒంటికే కట్టుకోవాలి, పైన జాకెట్ వేసుకోవాలి. అవలాంచ్ బ్యాగును ఊడదీసుకుపోగలదు. కొత్త ఆల్కలైన్ బ్యాటరీలే వేయాలి. చార్జింగ్ సెల్లులు మిగిలిన శక్తిని తప్పుగా చూపిస్తాయి. ఫోను, హెడ్‌ల్యాంపు, వేడిచేసే గ్లవ్స్ దానికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు. ఛాతీ జేబులో ఫోను పెట్టుకుని వెతికితే లేని సిగ్నల్ చూపించి తిప్పుతుంది, ఉన్నదాన్ని మింగేస్తుంది. బయల్దేరేముందు ఒకరు నిలబడి మిగతావాళ్లు ఒక్కొక్కరే ముందు నుంచి నడిచి, ప్రతి ట్రాన్సీవర్ సిగ్నల్ పంపుతోందో లేదో చూడాలి. రెండు నిమిషాల పని.

ఎవరైనా కొట్టుకుపోతే కళ్లు వాళ్ల మీదే ఉంచండి. ఆఖరిసారి కనబడిన చోటును గుర్తుపెట్టుకోండి, వెతుకులాట అక్కడి నుంచి కిందికే. మరో చరియ పడే ప్రమాదం ఉందా అని ఒక్క క్షణం చూసి, మిగిలినవాళ్లందరూ ట్రాన్సీవర్లను సిగ్నల్ పంపడం ఆపి వెతికే మోడ్‌లోకి మార్చాలి. ఒక్కరు మార్చడం మరిచిపోయినా అందరూ వాళ్ల దగ్గరికే వెళ్తారు. ఇద్దరు ముగ్గురుంటే ఒకరు 112కి చేస్తారు. మీరు ఒక్కరే మిగిలితే, ఒక్క కేక వేసి ముందు వెతకండి. మంచు పైన గ్లవ్, కర్ర, స్కీ ఏదైనా కనబడుతుందా చూస్తూ, 40 మీటర్ల వెడల్పు పట్టీలుగా సిగ్నల్ అందేదాకా వేగంగా కదలాలి. సిగ్నల్ అందాక బాణం గుర్తు వెంట, తెర మీద దూరాన్ని మీటర్లలో చూపే అంకె తగ్గే దిక్కుగా. అంకె మూడు దాటి కిందికి వచ్చాక నెమ్మదించి, పరికరాన్ని మంచుకు ఆనించి, తిప్పకుండా, అడ్డంగా నిలువుగా జరుపుతూ అతి చిన్న అంకె ఉన్నచోటు పట్టాలి. అక్కడి నుంచి 25 సెంటీమీటర్ల ఎడంతో సుడిలా బయటికి తిరుగుతూ, వాలుకు లంబంగా ప్రోబ్ గుచ్చాలి. తగిలితే మెత్తగా, దిండు మీద పొడిచినట్టు ఉంటుంది. తగిలాక ప్రోబ్ తీయకండి.

తవ్వకంలోనే ఎక్కువ సమయం పోతుంది, ఎక్కువ తప్పులూ అక్కడే. ప్రోబ్ పక్కనే నిలబడి నూతిలా కిందికి తవ్వితే మంచు మీదికే జారుతుంది, కింద ఉన్న మనిషి ఊపిరి గాలి ఖాళీని మీరే తొక్కేస్తారు. ప్రోబ్ మీద లోతు చూడండి. మీటరు లోతుంటే, కింది వైపుకు మీటరున్నర దూరం నుంచి మొదలుపెట్టి మనిషి వైపుకు అడ్డంగా తవ్వాలి. ముందున్నవాడు ముక్కలు కోస్తాడు, వెనకున్నవాళ్లు కాలువలో పూడిక తీసినట్టు వెనక్కి తోస్తారు. రెండు మూడు నిమిషాలకోసారి ముందువాడు మారాలి. అవలాంచ్ ఆగగానే మంచు సిమెంటులా బిగుస్తుంది, ప్లాస్టిక్ పార విరిగిపోతుంది, లోహపు పారే కొనండి. ముందు ముఖం, నోరు, ఛాతీ. ఊపిరి ఆగి ఉంటే వెంటనే నోటితో ఊదడం మొదలుపెట్టాలి, పూర్తిగా బయటికి లాగేదాకా ఆగకూడదు.

ఇదంతా చదివితే రాదు. బయల్దేరేముందు ఇంటి దగ్గరే చేయొచ్చు. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో ఇసుక మీద సంచిలో ట్రాన్సీవర్ పెట్టి అర మీటరు లోతులో పాతి, గడియారం పెట్టుకుని వెతకండి. ఇసుకకూ మంచుకూ తవ్వే తీరు వేరే కావచ్చు, కానీ చేతికి, చెవికి ఆ అలవాటు వస్తుంది. ఐదు నిమిషాల్లో ప్రోబ్ తగలకపోతే మీరింకా సిద్ధంగా లేరు.

మీరే చిక్కుకుంటే కేక వేసి, పక్కకు జారిపోవడానికి చూడండి, ఎయిర్‌బ్యాగ్ (లాగితే ఉబ్బి మనిషిని మంచు పైకి తేల్చే సంచి) ఉంటే లాగండి. కర్రల పట్టీలు మణికట్టుకు చుట్టి ఉంటే అవే లంగరులా కిందికి లాగుతాయి, నిటారు వాలుల మీద ముందే తీసేయాలి. మంచు నెమ్మదిస్తున్నప్పుడు చేతులు ముఖం ముందుకు తెచ్చి ఊపిరికి ఖాళీ చేసుకోవాలి. ఆగిపోయాక ఆ పని చేయలేరు.

వాలు దాటేటప్పుడు ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు పక్కన భద్రమైన చోట నిలబడి చూస్తుండాలి. బస్సు రేవులో ఆగినట్టు అందరూ గుంపుగా నిలబడి ఫొటో దిగే చోటు, పైన నిటారు వాలున్న నాలా (కొండ మీది ఇరుకు పల్లం) కాకూడదు. నాలాలో చిన్న అవలాంచ్ కూడా లోతుగా పూడ్చేస్తుంది.

చలి

మన బీరువాలో ఉన్నవన్నీ నూలువే. నూలు చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, తడిబట్ట ఒంటి వేడిని పొడిబట్ట కంటే ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది. నూలు బనియన్, జీన్స్ కొండ మీద పనికిరావు. ఒంటికి ఆని పాలియెస్టర్ లేదా మెరినో ఉన్ని, దాని మీద ఫ్లీస్, ఆ పైన గాలీ తడీ చొరని జాకెట్, ప్యాంటు. ఆగినప్పుడు వేసుకోవడానికి బ్యాగులో ఒక సింథటిక్ దూది లేదా ఈకల కోటు. గాలి సంగతి అంకెల్లోనే చూడండి. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే బయటున్న చర్మానికి అది మైనస్ 20తో సమానం.

స్కీ బూటులో రెండు జతల సాక్సులు వేసుకోవడం మనవాళ్లందరూ చేసే పొరపాటు. బిగుతుకు రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. ఒకే జత, సన్నటిది, మోకాలి కిందిదాకా. కొబ్బరినూనె సీసా 24 డిగ్రీల లోపే గడ్డకడుతుంది కాబట్టి పెదాలకు, బుగ్గలకు పెట్రోలియం జెల్లీ తీసుకెళ్లండి. నేతి సున్నుండలు మంచి బలం, కానీ బయటి జేబులో రాయిలా అయిపోతాయి. లోపలి జేబులో పెట్టుకోండి. నీళ్లసీసా తలకిందులుగా పెడితే గడ్డ అడుగున కట్టి, మూత దగ్గర నీళ్లు అందుతాయి.

వేళ్లు తెల్లబడి, మొద్దుబారి, మైనంలా అయితే మంచుతో రుద్దకూడదు, మంట దగ్గర కాచకూడదు. మళ్లీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరాక 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ఉంచాలి. మోచేయి పెడితే గోరువెచ్చగా ఉండాలి, సలసల కాదు. ఒళ్లంతా చల్లబడ్డ మనిషికి మొదట తెలిసే గుర్తులు వణుకు, మాట మందగించడం, చిన్న పనికే చేతులు తడబడటం. వణుకు ఆగిపోతే తగ్గిందని కాదు, ముదిరిందని. తడిబట్టలు తీసి, పొడివి వేసి, కింద నేలకూ ఒంటికీ మధ్య మందంగా పరిచి, పడుకోబెట్టాలి. బ్రాందీ వద్దు, రక్తనాళాలు వెడల్పై లోపలి వేడి బయటికి పోతుంది. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్లిన 22 మంది బృందం మంచు తుఫానులో చిక్కుకుంది. తొమ్మిదిమంది పోయారు. అది ఎండాకాలం ట్రెక్కు.

గదిలో కూడా జాగ్రత్త. బుఖారీ పొయ్యి, కాంగ్డీ కుంపటి, బాత్రూములో గ్యాస్ గీజరు, వీటితో తలుపులన్నీ మూసి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా చంపేస్తుంది. కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచండి, పడుకునేముందు ఆర్పేయండి. ఒకే గదిలో అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే ముందు బయటికి రండి. దారిలో కారు మంచులో ఇరుక్కున్నా ఇదే. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ దగ్గర ఇరవైమందికి పైగా మంచులో కూరుకున్న కార్లలోనే చనిపోయారు. ఇంజను వేసేముందు పొగగొట్టం చుట్టూ మంచు తీయాలి, గంటకు పది నిమిషాలు మాత్రమే నడపాలి, కిటికీ కాస్త దించాలి.

అద్దె సామాను, గైడు, ఫోను

స్కీ అద్దెకిచ్చేవాడు బరువు, ఎత్తు, ఎంత వచ్చు అని అడుగుతాడు. మొహమాటపడి ఐదు కిలోలు తగ్గించి చెప్పకండి. బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) ఎంత బలానికి బూటును వదలాలో ఆ లెక్కతోనే బిగిస్తారు. తక్కువ బిగిస్తే అక్కర్లేనిచోట స్కీ ఊడిపోతుంది, ఎక్కువ బిగిస్తే పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలి లిగమెంటు ఊడుతుంది. బూటు తొడిగి, నిలబడి, కాలు పక్కకు మెలిపెట్టి ముందుభాగం వదులుతోందో చూడండి. హెల్మెట్ తప్పనిసరి. మొదటి మూడు రోజులు టీచరుతో అడుగు వాలుల మీదే. ముందున్నవాడిదే దారి అన్న ఒక్క నియమం గుర్తుంచుకోండి. కింద ఉన్నవాడికి వెనక కళ్లుండవు. లోతైన మెత్తమంచులో దేవదారు చెట్ల మొదళ్ల దగ్గరికి పోకండి. కొమ్మల కింద మంచు గుల్లగా ఉండి తలకిందులుగా కూరుకుపోతారు. ఏట్లో ఊబి అంటే అర్థమయ్యే మనకు ఇది తేలిగ్గానే అర్థం కావాలి.

గైడును నాలుగు ప్రశ్నలడగండి. ఈరోజు బులెటిన్ ఎంత? మా అందరికీ ట్రాన్సీవర్లున్నాయా? ఏ దారిన దిగుతున్నాం, దానికి మారుదారి ఏది? ఎన్ని గంటలకు, ఏం చూస్తే వెనక్కి తిప్పుతావు? "కుఛ్ నహీ హోగా" (ఏమీ కాదులే) అనేది జవాబు కాదు. ఇక బృందంలో మనవాళ్ల ఇబ్బంది ఒకటుంది. "బావ అంత ఖర్చుపెట్టి తీసుకొచ్చాడు, మళ్లీ ఎప్పుడొస్తాం" అనుకుని భయమేసినా నోరు విప్పరు. అందుకే వెళ్లకముందే, ఇంట్లో కూర్చున్నప్పుడే ఒక ఒప్పందం పెట్టుకోండి. ఎవరు వద్దన్నా, చిన్నవాళ్లయినా, కారణం చెప్పక్కర్లేకుండా అందరూ ఆగిపోవాలి.

జమ్మూ కాశ్మీర్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. శాటిలైట్ ఫోను, శాటిలైట్‌తో మెసేజీలు పంపే పరికరాలు అనుమతి లేకుండా మనదేశంలో నేరం. విదేశాల్లో ఉన్న తమ్ముడు ప్రేమతో పంపినా తీసుకెళ్లకండి. సిగ్నల్ లేనిచోట విజిల్‌తోనో టార్చితోనో నిమిషానికి ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. అది కొండల్లో వాడే ఆపద సంకేతం. ఇన్సూరెన్స్ కాగితంలో "సాహస క్రీడలు", ఎత్తు పరిమితి, హెలికాప్టర్ అన్న మూడు మాటలు వెతికి చదవండి. మామూలు పాలసీల్లో ఇవి చాలావరకు మినహాయింపుల్లో ఉంటాయి. ఇంట్లో ఒకరికి రోజూ వెళ్లే దారి, తిరిగొచ్చే గంట, గైడు నంబరు రాసి పంపండి. ఆ గంట దాటి ఎంతసేపటికి ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయండి.

కాళ్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల సాధన కావాలి. పల్లమే తప్ప ఎత్తు లేని డెల్టాలో ఏటిగట్టు వాలే మన కొండ. బరువు సంచి వేసుకుని ఇరవైసార్లు ఎక్కి దిగండి. దిగడం నెమ్మదిగా, తొడలు మండేలా. గోడకు వీపు ఆనించి కుర్చీ వేసినట్టు నిలబడటం నిమిషం నుంచి మూడు నిమిషాలకు పెంచండి. వారానికోసారి మారేడుమిల్లి వైపు వెళ్లి అసలు వాలు మీద నడవగలిగితే ఇంకా మంచిది.

తిరిగొచ్చాక ట్రాన్సీవర్ బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి. మన సముద్రపు తేమకు అవి కారి, లోపలి రాగి బిళ్లలు పచ్చబడిపోతాయి, వచ్చే ఏడాది మీట నొక్కితే వెలగదు. బూట్ల లోపలి మెత్తలు బయటికి లాగి రెండు రోజులు నీడన ఆరబెట్టండి, లేదంటే వానాకాలానికి బూజు పడతాయి. సొంత స్కీలుంటే ఇనుప అంచులకు పలచగా మైనం పూసి అటక మీద కాకుండా పొడిగా ఉండే గదిలో నిలబెట్టండి. పార, ప్రోబ్ విప్పి తుడిచి, ప్రోబ్ లోపలి తాడు తెగిందేమో ఒకసారి లాగి చూడండి.